ఏడు చేపల కథ, ఒక ఇన్‌స్టలేషన్ కథ

ఈసారి టెక్ పాఠం రాసే వంతు నాది. ఏఐ గురించి రాయమని క్లబ్‌లో సగం మంది అన్నారు. నేను మాత్రం 90ల నాటి లినక్స్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కించడం కొత్తవాళ్లకి ఎందుకంత నరకంగా ఉండేదో రాద్దామనుకున్నాను. కారణం ఉంది. ఇవాళ మనం ల్యాబ్‌లో పడే తిప్పల్లో సగం అప్పుడు పుట్టినవే. అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలిస్తే, ఎర్రర్ రాగానే "నా బుర్రే ఇంత" అనుకోవడం కాస్త తగ్గుతుంది.

ముందే ఒక మాట. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. డిపెండెన్సీ అనే మాటకి తెలుగు వెతుక్కుంటే "పరాధీనత" దగ్గర ఆగాను. అది వింటే స్వాతంత్ర్య పోరాటం గుర్తొస్తోంది తప్ప సాఫ్ట్‌వేర్ కాదు. అందుకని డిపెండెన్సీని డిపెండెన్సీ అనే రాస్తున్నాను. లైబ్రరీని గ్రంథాలయం అని కూడా అనను. తెలుగు మాస్టార్లు క్షమించాలి.

మొదట్లో ఏముండేది?

1991 ఆగస్టు 25న హెల్సింకీ యూనివర్సిటీలో చదివే లైనస్ టోర్వాల్డ్స్, తాను సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని ప్రకటించాడు. అప్పటికి అతనికి 21 ఏళ్లు, అంటే మన ఫైనలియర్ అన్నల వయసు. సెప్టెంబర్‌లో 0.01 వెర్షన్ వచ్చింది. మొత్తం సుమారు 10,000 లైన్ల కోడ్. దాన్ని కంపైల్ చేయాలంటే మీ దగ్గర ముందే మినిక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలి. అంటే లినక్స్ పుట్టుకలోనే ఒక డిపెండెన్సీ ఉంది.

ఇక్కడ చాలామంది కన్ఫ్యూజ్ అయ్యే పాయింట్ ఒకటి. లినక్స్ అంటే నిజానికి కెర్నల్ మాత్రమే. అంటే ఇంజిన్. సీట్లు, స్టీరింగ్, చక్రాలు వేరేవాళ్లవి. కమాండ్లు, కంపైలర్, షెల్ ఎక్కువగా గ్నూ ప్రాజెక్ట్‌వి, కిటికీలు బొమ్మలు చూపించే ఎక్స్ విండో సిస్టమ్ ఇంకొకరిది. ఇవన్నీ ఎవరో ఒకరు ఒక చోట చేర్చి మూట కట్టాలి. ఆ మూటనే డిస్ట్రిబ్యూషన్ అంటాం. 1992లో ఎంసీసీ ఇంటరిమ్, ఎస్‌ఎల్‌ఎస్ వచ్చాయి. 1993లో ప్యాట్రిక్ వోల్కర్డింగ్ స్లాక్‌వేర్‌ని, ఇయాన్ మర్డాక్ డెబియన్‌ని మొదలుపెట్టారు.

మూట కట్టినవాళ్లకి లోపల ఏముందో తెలుసు. మూట విప్పే కొత్తవాడికి తెలియదు. కష్టాలన్నీ ఈ గ్యాప్‌లోనే ఉన్నాయి.

ఫ్లాపీల లెక్క

అప్పటి స్లాక్‌వేర్ ఫ్లాపీల మీద వచ్చేది. ఏ సిరీస్ అంటే బేస్ సిస్టమ్, డీ అంటే కంపైలర్లు, ఎన్ అంటే నెట్‌వర్క్, ఎక్స్ అంటే గ్రాఫిక్స్. ఒక్కో ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ. 14,400 బిట్ల మోడెమ్ సెకనుకి మహా అయితే 1,800 బైట్లు లాగుతుంది. ఒక ఫ్లాపీలో 14,74,560 బైట్లు ఉంటాయి. భాగహారం చేస్తే దాదాపు 819 సెకన్లు, అంటే పదమూడున్నర నిమిషాలు. 30 ఫ్లాపీలకి దగ్గర దగ్గర 7 గంటలు. ఇది లైన్ ఒక్కసారి కూడా కట్ అవ్వకపోతే. తర్వాత డాస్‌లో రారైట్ అనే ప్రోగ్రామ్‌తో ఒక్కో ఫ్లాపీ రాయాలి. ఏ 23వ ఫ్లాపీలోనో ఒక సెక్టార్ పాడైతే, ఆ ఫ్లాపీ మళ్లీ దింపి, మళ్లీ రాసి, మళ్లీ పెట్టాలి.

మన దేశంలో మామూలు జనానికి వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్ ఇచ్చిందే 1995 ఆగస్టు 15న. డయలప్ మీద ఇంత డౌన్‌లోడ్ ఎవరు చేస్తారు? అందుకే 90ల చివర్లో పీసీక్వెస్ట్ పత్రికతో పాటు వచ్చిన లినక్స్ సీడీలు ఇక్కడ చాలామందికి మొదటి పరిచయం అయ్యాయి.

పోయిన సెమ్‌లో నేను ఎమ్యులేటర్‌లో ఒక పాత స్లాక్‌వేర్ నడిపి చూశాను. బూట్ ఫ్లాపీ, రూట్ ఫ్లాపీ, ఆ తర్వాత నల్ల స్క్రీన్ మీద లాగిన్. నెక్స్ట్ బటన్ ఎక్కడా లేదు. ముందు ఎఫ్‌డిస్క్‌తో డిస్క్‌ని మనమే ముక్కలు చేసుకోవాలి, స్వాప్‌కి ఎంతో మనమే చెప్పాలి, అప్పుడే సెటప్ అని కొట్టాలి. నాది ఎమ్యులేటర్ కాబట్టి పోయేదేం లేదు. అప్పట్లో అదే డిస్క్‌లో నాన్న ఆఫీసు ఫైళ్లు కూడా ఉండేవి. తప్పు పార్టిషన్ తుడిచేస్తే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

అన్నీ అయ్యాక రీబూట్ చేస్తే స్క్రీన్ మీద "ఎల్ ఐ" అని రెండే అక్షరాలు వచ్చి ఆగిపోయేవి. కొత్తవాడికి అది వెక్కిరింపులా ఉండేది. నిజానికి అది సమాచారం. లిలో అనే బూట్ లోడర్ పేరులో నాలుగు అక్షరాలు. ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా ఒక్కో అక్షరం ప్రింట్ చేస్తుంది. "ఎల్" దగ్గర ఆగితే మొదటి దశ మాత్రమే నడిచింది. "ఎల్ ఐ" దగ్గర ఆగితే రెండో దశని మెమరీలోకి తెచ్చుకుంది కానీ నడపలేకపోయింది. నాలుగూ వస్తే అంతా ఓకే. ఇంకో చిక్కు కూడా ఉండేది. కెర్నల్ ఫైల్ డిస్క్ మీద ఏ బ్లాకుల్లో ఉందో లిలో ముందే రాసి పెట్టుకుంటుంది. మీరు కొత్త కెర్నల్ పెట్టి లిలో కమాండ్ మళ్లీ కొట్టకపోతే అది పాత అడ్రస్‌కే వెళ్తుంది. ఇల్లు ఖాళీ చేసి పోస్టాఫీసులో చెప్పకపోతే ఉత్తరాలు ఎక్కడికి పోతాయో అక్కడికే.

టార్‌బాల్ విప్పడం

సిస్టమ్ లేచింది. ఇప్పుడు మీకు నచ్చిన సాఫ్ట్‌వేర్ కావాలి. అప్పట్లో అది సోర్స్ కోడ్‌గా, టార్‌బాల్ అనే ఒకే ఫైల్‌లో దొరికేది. విప్పాక మూడు మెట్లు: కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్.

కాన్ఫిగర్ అనేది మీ మెషీన్‌ని ఇంటర్వ్యూ చేసే స్క్రిప్ట్. కంపైలర్ ఉందా, ఫలానా లైబ్రరీ ఉందా అని వరసగా అడుగుతూ పోతుంది. అన్నీ ఉంటే మేక్‌ఫైల్ రాసి పెడుతుంది. మేక్ దాన్ని చదివి కోడ్‌ని కంపైల్ చేస్తుంది. మేక్ ఇన్‌స్టాల్ వాటిని సరైన డైరెక్టరీల్లో పెడుతుంది. చెప్పడానికి ఇంతే. కొత్తవాడు ఇరుక్కునే చోట్లు మాత్రం ఇవి.

ఒకటి. కాన్ఫిగర్ అని కొడితే "కమాండ్ నాట్ ఫౌండ్" అంటుంది. ఫైల్ ఎదురుగా కనబడుతూనే ఉంటుంది. కారణం, యూనిక్స్ తరహా సిస్టమ్‌లో షెల్ మనం ఉన్న డైరెక్టరీలో వెతకదు, పాత్ అనే లిస్టులో ఉన్న చోట్లే వెతుకుతుంది. ముందు చుక్క, స్లాష్ పెట్టి కొడితేనే "ఇక్కడిదే" అని అర్థం. ఇది సెక్యూరిటీ కోసం. లేకపోతే ఎవడో ఎల్‌ఎస్ అనే పేరుతో దొంగ ప్రోగ్రామ్ ఒకటి ఫోల్డర్‌లో పడేసి పోవచ్చు. మంచి కారణమే, కానీ ఆ ఎర్రర్ మెసేజ్‌లో ఈ సంగతి ఒక్క ముక్క ఉండదు.

రెండు. లైబ్రరీ ఉంది, అయినా కాన్ఫిగర్ లేదంటుంది. ప్రోగ్రామ్ నడవడానికి కావాల్సిన ఫైల్ వేరు, ప్రోగ్రామ్‌ని కంపైల్ చేయడానికి కావాల్సిన హెడర్ ఫైళ్లు వేరు. హెడర్లు "డెవెల్" అని తోక ఉన్న వేరే ప్యాకేజీలో ఉంటాయి. హోటల్లో సాంబార్ తిన్నంత మాత్రాన వండే పద్ధతి చేతికి రాదు కదా, అలాంటిదే.

మూడు. మేక్ ఇన్‌స్టాల్ కూడా అయిపోయింది. హమ్మయ్య అనుకుని ప్రోగ్రామ్ నడిపితే షేర్డ్ లైబ్రరీ తెరవలేకపోయాను, "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంటుంది. ఇల్లు అలకగానే పండగ కాదన్నమాట. ఆ ఫైల్ యూజర్ లోకల్ లిబ్ డైరెక్టరీలో భద్రంగా ఉంది. కానీ లైబ్రరీలని వెతికిపెట్టే లోడర్‌కి ఆ చోటు తెలియదు, లేదా దాని దగ్గరున్న పాత జాబితాలో ఈ కొత్త ఫైల్ పేరు లేదు. ఎల్‌డీకాన్ఫిగ్ అనే కమాండ్ కొట్టి జాబితా కొత్తది చేయించాలి.

గమనించారా, ఈ మెసేజ్‌లన్నీ ఇంగ్లీష్‌లోనే ఉన్నాయి. పధ్నాలుగేళ్లు ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు ప్రతి పదం అర్థమైంది, వాక్యం అర్థం కాలేదు. అవి ఇంగ్లీష్ వచ్చినవాళ్ల కోసం రాసినవి కావు, సంగతి ముందే తెలిసినవాళ్ల కోసం రాసినవి. "మాన్యువల్ చదువుకో" అనే సీనియర్ల జవాబులో ఉన్న లోపమూ ఇదే. మాన్యువల్ పేజీ తెరవాలంటే కమాండ్ పేరు తెలియాలి. ఎల్‌డీకాన్ఫిగ్ అనేది ఒకటుందని తెలిసినవాడు దాని మాన్యువల్ ఎందుకు అడుగుతాడు?

చేపా, ఎందుకు ఎండలేదు?

మనందరికీ చిన్నప్పుడు ఏడు చేపల కథ చెప్పే ఉంటారు. ఒక చేప ఎండలేదు. ఎందుకంటే గడ్డిమోపు అడ్డం. గడ్డిమోపు ఎందుకుంది అంటే ఆవు మేయలేదు. ఆవుని పాలేరు విడవలేదు, పాలేరుకి అవ్వ అన్నం పెట్టలేదు, అవ్వ దగ్గర పిల్లాడు ఏడుస్తున్నాడు, పిల్లాణ్ణి చీమ కుట్టింది. ఇంతకన్నా మంచి డిపెండెన్సీ చెయిన్ నాకు ఏ టెక్స్ట్‌బుక్‌లోనూ కనబడలేదు.

1998లో గింప్ 1.0 వచ్చింది, ఫోటోలు దిద్దుకునే ప్రోగ్రామ్. సోర్స్ నుంచి ఎక్కించాలంటే జీటీకే కావాలి. జీటీకే కావాలంటే జీలిబ్ కావాలి. పీఎన్‌జీ బొమ్మలు తెరవాలంటే లిబ్‌పీఎన్‌జీ కావాలి. లిబ్‌పీఎన్‌జీకి జెడ్‌లిబ్ కావాలి. తీగ లాగితే డొంకంతా కదులుతుంది. ఒక్కొక్కటీ విడిగా వెతికి, దింపి, మళ్లీ అదే మూడు మెట్లు ఎక్కాలి.

కథ నేర్పే సూత్రం ఒకటుంది: చేపని తిట్టి లాభం లేదు, చీమ దాకా వెళ్లాలి. మేక్ ఆగిపోయినప్పుడు చివరి లైన్‌లో "ఎర్రర్ 1" అని కనబడేది చేప. అసలు చీమ అంతకు చాలా పైన, మొట్టమొదటి ఎర్రర్ దగ్గర ఉంటుంది. కాన్ఫిగర్ అయితే కాన్ఫిగ్ లాగ్ అనే ఫైల్‌లో ఉంటుంది. కొత్తవాళ్లు స్క్రీన్ మీద మిగిలిన చివరి లైన్ పట్టుకుని వేలాడటానికి కారణం బద్ధకం కాదు, మిగతాదంతా పైకి జారిపోయి ఉంటుంది.

పిచ్చి కుదిరితే పెళ్లి, పెళ్లయితే పిచ్చి

సోర్స్ గొడవ వద్దని రెడ్ హ్యాట్ ఆర్‌పీఎం ప్యాకేజీలు, డెబియన్ డెబ్ ప్యాకేజీలు తెచ్చాయి. ముందే కంపైల్ చేసినవి. ఏ ఫైల్ ఎక్కడ పెట్టిందో గుర్తుంచుకుంటాయి, తీసేయమంటే నీట్‌గా తీసేస్తాయి. మేక్ ఇన్‌స్టాల్‌కి ఆ జ్ఞాపకం లేదు. కాబట్టి ఇది పెద్ద ముందడుగే.

కానీ ఆర్‌పీఎం అనే కమాండ్ చేసేది ఒకటే: ఏం తక్కువైందో చెప్పి ఆగిపోవడం. తెచ్చిపెట్టడం దాని పని కాదు. అదీ ప్యాకేజీ పేరు చెప్పదు, చాలాసార్లు ఫైల్ పేరు చెబుతుంది. ఆ ఫైల్ ఏ ప్యాకేజీలో ఉందో మీరే కనుక్కోవాలి. మోడెమ్ పనిచేయక ఇంటర్నెట్ లేదనుకోండి, ఇంక అంతే. విండోస్ డ్రైవర్ మీద ఆధారపడే చవక మోడెమ్‌లు అప్పుడు చాలా ఉండేవి. డ్రైవర్ కావాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు.

ప్యాకేజీల్లోనూ ఈ పెళ్లి సమస్య వచ్చేది. క అనే ప్యాకేజీ ఖ కావాలంటుంది, ఖ ఏమో క కావాలంటుంది. ఒకదాని తర్వాత ఒకటి పెడదామంటే ఎప్పటికీ కుదరదు. రెండు ఫైళ్లనీ ఒకే కమాండ్‌లో ఇస్తే ఆర్‌పీఎం ఒప్పుకునేది. ఈ చిన్న సంగతి చెప్పేవాళ్లు పక్కన లేక ఎన్ని రాత్రులు పోయి ఉంటాయో.

విసిగిపోయినవాళ్ల చేతికి ఇంకో ఆయుధం దొరికేది: డిపెండెన్సీలు పట్టించుకోకుండా బలవంతంగా ఎక్కించు అనే ఆప్షన్. అది ఎంత ప్రమాదమో 1997, 98ల్లో బాగా తెలిసింది. అప్పుడే లినక్స్ ప్రపంచం లిబ్‌సీ 5 నుంచి లిబ్‌సీ 6కి మారుతోంది. 1997 చివర్లో రెడ్ హ్యాట్ 5.0, 1998 జూలైలో డెబియన్ 2.0 ఆ మార్పు చేశాయి. సీ లైబ్రరీ అంటే పునాది. ఎల్‌ఎస్, సీపీ లాంటి చిన్న కమాండ్లు కూడా దాని మీదే నిలబడతాయి. పాతదాని కోసం కంపైల్ చేసిన ప్రోగ్రామ్ కొత్తదాని మీద నడవదు. రెండూ జాగ్రత్తగా పక్కపక్కన ఉంచుకోవాలి. బలవంతంగా పాతది లాగేస్తే, సరిదిద్దుకోవడానికి కావాల్సిన కమాండ్లు కూడా నడవవు. కూర్చున్న కొమ్మ నరుక్కోవడం అంటే ఇదే.

అసలు ఎందుకింత కష్టం?

ఇప్పుడు మన సిలబస్‌లోకి వద్దాం. ప్రతి ప్యాకేజీకి "ఇవి కావాలి" అనే లిస్టు మాత్రమే ఉంటే సమస్య తేలిక. గ్రాఫ్ గీసి డీఎఫ్‌ఎస్ చేస్తే చాలు, సెకన్లలో పని. కానీ నిజమైన ప్యాకేజీలు ఇంకో రెండు మాటలు అంటాయి. ఒకటి, "ఇది గానీ అది గానీ ఉంటే చాలు". రెండు, "నేనుంటే వాడు ఉండకూడదు".

డెబియన్‌లో మెయిల్ పంపే సర్వర్లే చూడండి. ఒక ప్రోగ్రామ్ ఏదో ఒక మెయిల్ సర్వర్ ఉంటే చాలంటుంది. సెండ్‌మెయిల్ అయినా సరే, ఎగ్జిమ్ అయినా సరే. కానీ ఆ రెండూ ఒకే మెషీన్‌లో కలిసి ఉండవు. ఇంకో ప్రోగ్రామ్ ఎగ్జిమే కావాలని పట్టుబడితే మొదటిచోట చేసిన ఎంపిక మార్చుకోవాలి. అది మారితే ఇంకెక్కడో ఇంకోటి మారాలి. "ఇది లేదా అది", "రెండూ కూడదు". ఇవి ఎక్కడో విన్నట్టు లేదూ? అవును, బూలియన్ సాటిస్‌ఫయబిలిటీ, సాట్. ప్యాకేజీ ఇన్‌స్టలేషన్ సమస్య ఎన్‌పీ కంప్లీట్ అని నిరూపించారు కూడా. 20 ప్యాకేజీల్లో ఏది ఉంచాలి ఏది వద్దు అన్నదానికే 10,48,576 కాంబినేషన్లు.

ఒకసారి ఆలోచించండి. అర్ధరాత్రి ఒక కుర్రాడు, పక్కన ఒక కాగితం, దాని మీద కొట్టివేసిన ప్యాకేజీ పేర్లు. వాడు చేతితో సాట్ సాల్వ్ చేస్తున్నాడు. ఆ సంగతి వాడికి తెలియదు. "నాకు లినక్స్ రాదు" అనుకుని పడుకుంటాడు.

డెబియన్ 1999లో వచ్చిన 2.1తో ఏప్ట్‌ని అందించింది. ఒక పేరు చెబితే చాలు, చెయిన్ మొత్తం అదే లెక్కగట్టి, అదే దింపి, సరైన వరసలో పెడుతుంది. ఆర్‌పీఎం వైపు యమ్ వచ్చింది, 2003లో మొదటి ఫెడోరాలో ఉంది. ఇవాళ ఓపెన్‌సూసే, ఫెడోరాల ప్యాకేజీ మేనేజర్ల లోపల నిజంగానే సాట్ సాల్వర్ నడుస్తోంది. అంటే అప్పుడు కొత్తవాడి మీద వేసిన బరువుని చివరికి మెషీన్ మీదకి మార్చారు.

మనకేంటి?

సమస్య పోలేదు, ఇల్లు మారింది. పైథాన్‌లో రెండు ప్రాజెక్టులకి ఒకే లైబ్రరీ రెండు వేర్వేరు వెర్షన్లు కావాలంటే వచ్చే గొడవ అదే. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అంటే ఎవరి వంటిల్లు వాళ్లకి విడిగా ఇవ్వడం. కంటెయినర్ అంటే సామాను మొత్తం సర్దుకుని వెళ్లడం. రెండూ గొడవని తప్పిస్తాయి, బదులుగా డిస్క్‌లో చోటు తింటాయి.

మా ఫస్టియర్‌లో నా పక్క సిస్టమ్ అమ్మాయి ఊళ్లో తెలుగు మీడియం బడి నుంచి వచ్చింది. పది దాకా లెక్కల్లో ఎప్పుడూ తనే ఫస్ట్. మూడు ల్యాబ్‌లు వరసగా ఒక లైబ్రరీ ఎక్కక, "నాకు సీఎస్‌ఈ సూట్ కాదేమో, బ్రాంచ్ మార్చుకుంటా" అంది. చుట్టూ ఉన్నవాళ్లు "సింపులే కదా, ఇన్‌స్టాల్ కొట్టు" అన్నారు. తర్వాత చూస్తే అది హెడర్ ఫైళ్ల సమస్య. పైన చెప్పిన రెండోది. 25 ఏళ్ల కిందట ఎందరో ఇరుక్కున్న గుంట అది. దానికీ ఆమె తెలివికీ ఏం సంబంధం?

అందుకే ఈ పాఠంలో పరీక్షకి పనికొచ్చేది కొంచెమే అయినా, ల్యాబ్‌కి పనికొచ్చేవి నాలుగు రాసి పెడుతున్నాను.

ఎర్రర్ వస్తే చివరి లైన్ కాదు, మొదటి ఎర్రర్ లైన్ చదవండి. "ఫైల్ లేదు" అంటే రెండు ప్రశ్నలు వేసుకోండి: నిజంగా లేదా, లేక వెతికేవాడు వేరే చోట వెతుకుతున్నాడా? కంపైల్ చేసేటప్పుడు ఆగిందా, నడిపేటప్పుడు ఆగిందా చూడండి, ఎందుకంటే రెండింటి మందులు వేరు. ఫోర్స్ ఆప్షన్ కొట్టే ముందు అది ఏం వద్దంటోందో, ఎందుకు వద్దంటోందో ఒక నిమిషం చదవండి.

ఇక సీనియర్లకి ఒక్క రిక్వెస్ట్. సెప్టెంబర్‌లో జూనియర్లు ల్యాబ్‌కి వస్తారు. ఎవరైనా "అన్నా, ఎక్కట్లేదు" అంటే, "అక్కా, ఏదో ఎర్రర్" అంటే, సింపులే కదా అనకండి. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, "పైకి స్క్రోల్ చెయ్, మొదటి ఎర్రర్ ఎక్కడుందో చూద్దాం" అనండి. మహా అయితే పది నిమిషాల పని.